కీటక నామకర్త ఫాబ్రీషియసు

వంగతోట గల గృహస్థునకు అక్షింతల పురుగును గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. కందిపప్పు బద్దంత దేహము, ఇటుక రంగు, వీపు మీద నల్లని చుక్కలు. అది పట్టిన యాకు పచ్చదనమంతయు గీకివేయబడి, ఈనెలు మాత్రము మిగిలి, జల్లెడవలె నగును. అదే తోటలో ప్రక్కనున్న బొబ్బర పాదు మీద ఇంచుమించు అదే యాకారముతో మఱియొక అక్షింతల పురుగు తిరుగుచుండును. అది ఆకును ముట్టదు. ఆకు రసమును పీల్చు పేనుబంకను తిని బ్రదుకును. వాడుకలో రెండింటికిని పేరొక్కటే. కాని యొకటి తోటకు శత్రువు, రెండవది మిత్రము.

ఈ రెండింటికిని శాస్త్రలోకమున మొట్టమొదట పేరు పెట్టినవాడు ఒక్కడే. మొదటిదానికి 1775లోను, రెండవదానికి 1781లోను ఆయన నామకరణము చేసెను. ఆయన గోదావరిని చూచినవాడు కాడు. హిందూదేశమున అడుగుపెట్టినవాడును కాడు. యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రీషియసు అను నా పండితుని జీవితము, పురుగులతో నిత్యము పోరాడు సేద్యగాండ్రు తెలిసికొనదగినది.

ఫాబ్రీషియసు 1745వ సంవత్సరము జనవరి 7వ తేదీన టోండర్న్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నాడు డెన్మార్కు రాజుల యేలుబడిలోని ష్లెస్విగ్ సంస్థానములో నుండెను. నేడు డెన్మార్కు దేశముననే యున్నది. తండ్రి వైద్యుడు. బాల్యవిశేషములతో మనకు పనిలేదు. పదునేడవ యేట, అనగా 1762లో, జోయెగా అను మిత్రునితో కూడి స్వీడను దేశమందలి ఉప్సాలా నగరము చేరుటతోనే ఆయన జీవితమున అసలు కథ మొదలైనది. ఎందుకనగా అచ్చట లిన్నేయసు పండితుడు పాఠము చెప్పుచుండెను.

ప్రతి మొక్కకును ప్రతి జంతువునకును రెండు పదములతో పేరు పెట్టు పద్ధతిని స్థిరపఱచిన మహానుభావుడు లిన్నేయసు. ఆ పద్ధతి తెలుగువారికి క్రొత్తగా తోచదు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. శాస్త్రనామమున గూడ నంతే: మొదటి పదము వంశమును తెలుపును, రెండవ పదము ఆ వంశములోని జాతిని తెలుపును. ఇంటిపేరు విన్నంతనే వీరు ఫలానావారని తెలియునట్లు, మొదటి పదము విన్నంతనే ఆ ప్రాణి యే బంధువర్గములోనిదో తెలియవలెను. అట్లు తెలియవలెనన్నచో, ముందుగా బంధుత్వమును సరిగా నిర్ణయింపవలెను గదా! కష్టమంతయు అచ్చటనే యున్నది.

ఆ గురుశిష్యుల సహవాసము గురుకుల వాసమును తలపించును. శీతకాలమున ఫాబ్రీషియసు, జోయెగా, అమెరికా నుండి వచ్చిన కూన్ అను విద్యార్థి, ఈ మువ్వురును గురువు గారి యింటికి ఎదుటనే బస చేసిరి. లిన్నేయసు ఇంచుమించు ప్రతిదినమును, పొట్టి యెఱ్ఱ అంగీ తొడిగికొని, తలపై పచ్చని బొచ్చుటోపీ పెట్టుకొని, చేత పొగగొట్టముతో వారి గదికి వచ్చుచుండెను. అరగంట యుండి పోదునని వచ్చి, గంట, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు కూర్చుండిపోవువాడు. వేసవిలో పల్లెటూరికి పోయినప్పుడు తెల్లవాఱుజాముననే లేచి, శిష్యుల యింటికి వచ్చి, వారితోనే ఫలహారము చేసి, పొద్దెక్కువఱకు పాఠము చెప్పుచుండెను. ఇట్లు రెండేండ్లు గడచినవి. జీతము లేకుండ దొరికిన యీ పాఠమే తన్ను శాస్త్రజ్ఞుని చేసినదని ఫాబ్రీషియసు ముదిమియందును తలచుకొనుచుండెను.

గురువునందు ఇంత భక్తి గలవాడయ్యును, కీటకముల విషయమున ఆయన గురువు త్రోవను విడిచెను. లిన్నేయసు కీటకములను రెక్కలను బట్టి విభజించెను: డిప్పరెక్కలవి, పొలుసురెక్కలవి, పొరరెక్కలవి, రెండే రెక్కలు గలవి, రెక్కలు లేనివి, ఈ తీరున. రెక్క కంటికి సులభముగా కనబడును. కనుక ఈ విభాగము నేర్చుకొనుట తేలిక. కాని ప్రాణికి ప్రధానమైనది ఆహారమనియు, ఏ యాహారము తినునో దానికి తగిన నోరు దేహమున నిర్మితమై యుండుననియు, కాబట్టి నోటి నిర్మాణమును బట్టియే బంధుత్వమును నిర్ణయింపవలెననియు ఫాబ్రీషియసు తలచెను. ఎద్దు పండ్లను చూచి వయస్సు చెప్పు రైతులున్నారు. ఈయన పురుగు నోరు చూచి వంశము చెప్పదలచెను.

చీమ తలకాయ యంత తలలో నోరేమున్నదని యనుకొనవచ్చును. భూతద్దము క్రింద పెట్టి, సన్నని సూదులతో విడదీసి చూచినచో అందొక పనిముట్ల పెట్టెయే యున్నది. పైన నొక పెదవి. దాని క్రింద కత్తెరవలె ప్రక్కప్రక్కలకు కదలు ఒక జత దవడలు. వాని వెనుక మెత్తని మఱియొక జత దవడలు, వానికి అంటి వ్రేళ్లవలె నుండి ఆహారమును తడవి చూచు చిన్న అవయవములు. అడుగున క్రింది పెదవి. కొబ్బరి మొవ్వులోనికి తొలుచుకొనిపోవు కొమ్ము పురుగునకు ఈ దవడలు ఉలివంటివి. అందుచేతనే మొవ్వులోని యాకు విచ్చుకొన్న తరువాత కత్తెరతో కత్తిరించినట్లు కనబడును. వరికంకి పాలు పీల్చు కంపునల్లికి దవడలే సాగి సూదులై, ఒక ముక్కులో నిమిడి యున్నవి. సీతాకోక చిలుకకు దవడలు పోయి, చుట్టచుట్టుకొను నాలుక మాత్రము మిగిలినది.

ఇట్టి భేదములను బట్టి ఫాబ్రీషియసు కీటకలోకమును వర్గములుగా పంచెను. వెనుక దవడ దేనితోను అతుకక స్వేచ్ఛగా నుండు డిప్పరెక్కల పురుగులు ఎలూథెరేటా. నాలుక గలవి గ్లొస్సేటా. ముక్కు గలవి రింగోటా. ఈగలు దోమలు మొదలగునవి యాంట్లియేటా; లాటిను భాషలో ఆంట్లియా యనగా నీరు తోడు యంత్రము, మన యేతము వంటిది. దోమను ఏతముతో పోల్చిన పండితునకు హాస్యము లేదనుట న్యాయము కాదు.

ఉప్సాలా నుండి వచ్చిన పిమ్మట ఆయన యూరపు నగరములెన్నియో తిరిగెను. అందు లండను నగరము ఆయనకు రెండవ పాఠశాల యయ్యెను. కెప్టెను కుక్కుతో కూడి 1768 నుండి 1771 వఱకు భూమండలమును చుట్టివచ్చిన జోసెఫు బ్యాంక్సు దొర యింట, ఎవరును ఎన్నడును చూడని పురుగులు పెట్టెల నిండ నుండెను. 1772 మొదలు 1775 వఱకు ఫాబ్రీషియసు చలికాలము కోపెన్‌హాగెన్‌లో గడపి, వేసవి రాగానే ఓడ యెక్కి లండను పోయి, ఆ పెట్టెల ముందు కూర్చుండెను. బ్యాంక్సు తన సంపదను దాచుకొన్నవాడు కాడు. వచ్చిన పండితునకు తలుపులు తెఱచియుంచెను.

ఆ శ్రమఫలమే 1775లో వెలువడిన సిస్టెమా ఎంటమోలోజియే యను లాటిను గ్రంథము. వంగ నాశించు అక్షింతల పురుగునకు, రెండు డిప్పల మీదను కలిపి యిరువదియెనిమిది చుక్కలుండుట చూచి, అదే సంఖ్యను ఈ గ్రంథమున పేరుగా పెట్టెను. తీగజాతి మొక్కల ఆకులపై బ్రదుకు తాబేటి డిప్పవంటి పురుగు గూడ నిందున్నది. పొగాకు లద్దెపురుగునకు పేరు పెట్టినదియు నిందే. గోదావరి లంకలలో పొగాకు వేసినవారికి దీని సంగతి బాగుగా తెలియును. రాత్రివేళ మందలుగా ఆకుల మీద పడి తెల్లవాఱుసరికి తూట్లు పొడిచి పోవును. ఆ పురుగునుండి పుట్టు రెక్కల చిమ్మెటకు ఫాబ్రీషియసు పెట్టిన పేరు లిటురా. అనగా వ్రాసినదానిని తుడిచివేయగా మిగిలిన మరక. రెక్కమీది చెదరిన గీతలను చూచి కాబోలు ఆ పేరు పెట్టెను. పద్దులలో తుడుపులు చూచిన కన్నులకు ఆ పేరు చక్కగా అతికినట్లు తోచును.

ఇచ్చట నొక చిక్కును గమనింపవలెను. చిమ్మెటకు నాలుక యున్నది. దాని పిల్లయగు లద్దెపురుగునకు కఱకఱ నమలు దవడలున్నవి. ఒకే ప్రాణికి రెండు వయస్సులలో రెండు నోళ్లు! రైతునకు నష్టము కలిగించునది మొదటి నోరు; శాస్త్రము వర్గము నిర్ణయించినది రెండవ నోటిని బట్టి. ఫాబ్రీషియసు పెరిగిన కీటకమునే ప్రమాణముగా గైకొనెను. పద్ధతికి హద్దులుండునని దీనివలన తెలియుచున్నది.

ఇక ఈ పురుగులు యూరపునకు ఎట్లు చేరినవి? మన సముద్రతీరమునకు సంబంధించిన కథ యిచ్చట వచ్చును. లిన్నేయసు శిష్యులలో నొకడైన యోహాన్ గెరార్డ్ కోనిగ్ అను వైద్యుడు 1768లో, డెన్మార్కువారి స్థావరమగు తమిళదేశమందలి తరంగంబాడికి వచ్చెను. పిమ్మట ఆర్కాటు నవాబు కొలువులో నుండి, 1778లో ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడయ్యెను. దక్షిణదేశపు చెదపురుగుల జీవితమును పరిశీలించి 1779లో వ్యాసము ప్రకటించినవాడు ఈయనయే. మొక్కలను, పురుగులను సేకరించి, ఎండబెట్టి, ఓడల మీద యూరపునకు పంపుచుండెను. అవి నెలల తరబడి ఉప్పుగాలిలో ప్రయాణము చేయవలెను. దారిలో చెమ్మ తగిలి కొన్ని బూజు పట్టును, కొన్నిటిని వేఱు పురుగులే తినివేయును. మిగిలి చేరినవానిలో అనేకములు ఫాబ్రీషియసు చేతికి వచ్చెను. ఆయన తన గ్రంథములలో, ఈ జాతి తరంగంబాడిలో దొరకును, ఇది కోనిగ్ తెచ్చినది, అని పలుచోట్ల పేరు పేరున వ్రాసికొనెను. ఇతరుల శ్రమను తన శ్రమగా చూపుట ఆయనకు తెలియదు.

కోనిగ్ విశాఖపట్టణము మీదుగా కలకత్తా ప్రయాణము పెట్టుకొని, త్రోవలో రక్తగ్రహణిచే పీడితుడై, 1785 జూను 26వ తేదీన కాకినాడలోని జగన్నాథపురమున మరణించెను. అప్పుడు సామర్లకోటలో నున్న రాక్సుబర్గు దొర, తరువాత వృక్షశాస్త్రమున గొప్ప పేరు గన్నవాడు, ఆయనకు చివరిదినములలో వైద్యము చేసెను. కోనిగ్ వ్రాతప్రతులన్నియు ఆయన కోరిక ప్రకారము లండనులో బ్యాంక్సునకు చేరినవి. గౌతమీ పాయకు ఆవలి యొడ్డున, కోనసీమకు ఇంత చేరువను కన్నుమూసిన యీ వైద్యుని నేడు తలచువారు అరుదు. కాని లిన్నేయసు కరివేప చెట్టునకు శిష్యుని పేరు పెట్టెను. ప్రతి పెరటిలోను, ప్రతి పోపులోను ఆ పేరు దాగియే యున్నది.

ఫాబ్రీషియసు ఉద్యోగజీవితము సుఖముగా సాగినది కాదు. 1775లో కీల్ నగరపు విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. ప్రకృతిశాస్త్రముతో పాటు రాజ్యముల ఆయవ్యయములు, వ్యవసాయము, వర్తకము మొదలగు విషయములను గూడ బోధింపవలసి వచ్చెను. మ్యూజియము, మొక్కల తోట ఏర్పాటు చేయింతుమని అధికారులు ఆసపెట్టిరి; మాట నెఱవేర్చలేదు. విసిగి పలుమాఱులు రాజీనామా చేయబోయెను. ప్రతిసారియు విద్యార్థులు బ్రతిమాలి, రాజునకు విన్నపములు పంపి, ఆయనను పోనీయకుండ ఆపిరి. పగలు లెక్కల పాఠము, సెలవులలో పురుగుల పెట్టెలు, ఈ రెండు కాడులను ముప్పది యేండ్లకు పైగా మోసెను. జీతము ఒక విద్యకు, జీవితము ఒక విద్యకు ఈయవలసివచ్చిన వారి కష్టము పల్లెటూళ్లలోను అపరిచితము కాదు.

అయినను గ్రంథములు ఆగలేదు. 1778లో కీటకశాస్త్రమునకు పాఠ్యగ్రంథము వంటి ఫిలాసఫియా ఎంటమోలోజికా, 1781లోను 1787లోను క్రొత్త జాతుల పట్టికలు, 1792 మొదలు 1794 వఱకు ఎంటమోలోజియా సిస్టమాటికా సంపుటములు, 1801లో డిప్పరెక్కల పురుగులకే ప్రత్యేకముగా సిస్టెమా ఎలూథెరేటోరమ్ వెలువడెను. లిన్నేయసు పేరుపెట్టిన కీటకములు సుమారు 3,000. ఫాబ్రీషియసు పేరుపెట్టినవి 9,776. ఆకులు తిను పెంకుపురుగులను లిన్నేయసు చాలవఱకు క్రైసోమెలా యను ఒకే వంశమున కూర్చియుండెను. అది అన్ని తగవులు పడియున్న ఉమ్మడి కుటుంబము. ఆకులు తిను పెంకుపురుగులలో ఫాబ్రీషియసు నీటిమొక్కల ఆకులపై నుండువానిని 1775లో డొనేసియా యనియు, కప్పవలె బలిసిన వెనుక తొడలు గలవానిని 1792లో సాగ్రా యనియు, మఱికొన్నిటిని 1801లో కొలాస్పిస్ అనియు వేఱుపఱచి, ఒక్కొక్క శాఖకు ఇంటిపేరు నిలిపెను. ఆ పంపకములు నేటికిని చెల్లుచున్నవి.

ఆయన పనిలో లోపములు లేవా? ఉన్నవి, వానిని దాచుట ఆయనకు గౌరవము కాదు. వర్ణనలు మిక్కిలి క్లుప్తములు. ఒక్కొక్క జాతికి రెండు మూడు పంక్తులు మాత్రమే వ్రాసి విడిచెను. ఆ పంక్తులు మూడు నాలుగు జాతులకు సరిపోవుట వలన తరువాతివారు చాల తికమక పడిరి. అంతకంటె పెద్దది, నోటినే ప్రమాణముగా చెప్పిన యీయన ప్రతి పురుగు నోటిని తెఱచి చూడలేదు. పరులు ప్రీతితో చూపిన యొంటి నమూనాను కోయుట ఎట్లు? ఒక్కొక్క వంశమునకు ఒకదాని నోరు పరీక్షించి, పైకి దానివలె కనబడిన తక్కినవానిని ఆ వంశముననే చేర్చెను.

మొదట చెప్పిన అక్షింతల పురుగులే దీనికి తార్కాణము. ఆకు తినుదానిని, పేనుబంకను తినుదానిని గూడ ఆయన కాక్సినెల్లా యను ఒకే వంశమున వ్రాసెను. నోరు విప్పి చూచినచో రెండును ఒకటి కావు. పేనుబంకను తినుదాని దవడ కొన వాడిగానుండి, మొదట నొక పల్లు గలిగి, పట్టి చీల్చుటకు తగియున్నది. ఆకు తినుదాని దవడ మొదట పల్లు లేదు. కొనయందు అనేకములగు పండ్లు కొబ్బరికోరాము వలె వరుసదీరి, గీకుటకు తగియున్నవి. ఆకు జల్లెడయగుటకు కారణము ఈ కోరామే. తరువాతి పండితులు ఈ భేదమును పట్టుకొని ఆకు తినువానిని వేఱు చేసిరి. 1961లో వంగపురుగునకు హెనోసెపిలాక్నా యను ఇంటిపేరు వచ్చినది. ఇంటిపేరు మాఱినను ఇరువదియెనిమిది చుక్కల పేరు మాఱలేదు. వంశము మాఱినప్పుడు మొదటి నామకర్త పేరును కుండలీకరణములలో వ్రాయుట శాస్త్రమర్యాద. ఆ గీతల నడుమ ఫాబ్రీషియసు, 1775 అని నేటికిని వ్రాయుచున్నారు. ఆయన తీర్పును ఆయన చెప్పిన ధర్మశాస్త్రముతోనే కొట్టివేసిరి. ఏ పండితునకైనను ఇంతకంటె గౌరవమేమున్నది?

పేరు పెట్టుట వ్యర్థకాలక్షేపమని నవ్వువారు ఆనాడును ఉండిరి. ఫ్రెంచి విప్లవకాలమున లాత్రేయ్ అను మతాచార్యుడు బోర్డో నగరపు చెఱసాలలో నుండగా, గది నేలపై నొక చిన్న పెంకుపురుగును కనుగొని, అది అరుదైన జాతియని వైద్యునితో చెప్పెను. ఆ వైద్యుడు దానిని కీటకములనెఱిగిన యొక యువకునకు పంపగా, ఆ యువకుడు లాత్రేయ్ ఎవరో గుర్తించి పాటుపడి విడిపించెను. ఆ పురుగునకు 1775లో పేరు పెట్టినవాడు ఫాబ్రీషియసే. లాత్రేయ్ తరువాత గొప్ప కీటకశాస్త్రజ్ఞుడై, నోటితోపాటు రెక్కలు, మీసములు, కాళ్లు మొదలగు అన్ని యవయవములను కలిపి చూచు పద్ధతిని నెలకొల్పెను. గురువు ఒక అంగమును, శిష్యుడు వేఱొక అంగమును పట్టగా, మూడవవాడు దేహమంతయు చూచెను.

ముదిమియందు ఫాబ్రీషియసు పారిసు నగరమున మిత్రుల నడుమ తఱచుగా గడపుచుండెను. 1807లో ఆంగ్లేయుల నౌకాదళము కోపెన్‌హాగెన్ మీద గుండ్లవర్షము కురిపించినదని వినగానే, స్వదేశమునకు ఆపద వచ్చినప్పుడు దూరముగా నుండరాదని తలచి కీల్ నగరమునకు మరలివచ్చెను. యౌవనమున తనకు తలుపులు తెఱచినదియు ఆంగ్లదేశమే, తన రాజధానిని కాల్చినదియు ఆంగ్లదేశమే. ఆ తరువాత ఎంతోకాలము బ్రదుకలేదు. 1808 మార్చి 3వ తేదీన, అఱువది మూడేండ్ల ప్రాయమున కీల్ నగరముననే మరణించెను.

ఆయన చూచి వ్రాసిన పురుగులు అన్నియు నశింపలేదు. బ్యాంక్సు పెట్టెలలోనివి లండను మ్యూజియమున నున్నవి. కీల్, కోపెన్‌హాగెన్ సేకరణలలోను అనేకములు సూదులకు గ్రుచ్చబడి నిలిచియున్నవి. క్లుప్తమైన పంక్తులను చూచి ఇది ఏ జాతియో తేలనప్పుడు పండితులు ఆ పెట్టెలనే తెఱచి చూతురు. ఏది ఎచ్చట నున్నదో, ఏది పోయినదో వెదకి, ఒక్కొక్క పేరునకు ఎదురుగా లెక్క వ్రాసి, కోపెన్‌హాగెన్‌కు చెందిన ఎల్లా జిమ్సెన్ అను విదుషి 1964లో ఒక పెద్ద పట్టికను ప్రకటించెను.